వాగు చేసే జపం

నామ్చే బజార్ నుంచి తెంగ్‌బోచే మఠానికి పోయే దారి ఒకచోట నది దాకా దిగి, వంతెన దాటి, మళ్లీ నిట్టనిలువుగా పైకెక్కుతుంది. ఆ దిగువన ఉన్న మజిలీ పేరు ఫుంకీ తెంగా. ఎవరెస్టు వైపు నడిచేవాళ్లు ముందున్న ఎక్కుడు తలుచుకుని అక్కడ ఓ టీ తాగుతారు. దారి పక్కన చిన్న గూళ్లలో రంగురంగుల పీపాలు తిరుగుతుంటాయి. ఒంటినిండా టిబెటన్ అక్షరాలు. ఎవరూ చెయ్యి వెయ్యరు, గాలీ తగలదు, అయినా తిరుగుతాయి. వంగి చూస్తే సంగతి తెలుస్తుంది: గూటి కిందనుంచి ఓ పిల్లకాలువ పారుతోంది, పీపా ఇరుసు కిందికి దిగి నీళ్లలో ఉన్న రెక్కల చక్రానికి బిగించి ఉంది. హిమాలయాల్లో ఇలాంటి చాలా చక్రాలకు పైన ఓ పుల్ల, దానికి అందేంత దూరంలో ఓ గంట ఉంటాయి. చుట్టుకొకసారి పుల్ల తగిలి గంట మోగుతుంది.

పీపా లోపల కాగితం చుట్టలు. వాటి మీద అవలోకితేశ్వరుడి ఆరక్షరాల మణి మంత్రం వేల సార్లు అచ్చువేసి ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే అన్నిసార్లూ చదివినట్టే లెక్క. నీటితో తిరిగే చక్రాన్ని టిబెటన్‌లో ఛుఖోర్ అంటారు. ఛు అంటే నీరు, ఖోర్ అంటే చుట్టు.

చేత్తో తిప్పేదానితో చిక్కులేదు. తిప్పినవాడికి పుణ్యం. మరి వాగు తిప్పితే ఎవరికి?

ఈ ప్రశ్న వేడుకకు అడిగేదిలా కనిపిస్తుంది గానీ, కొండవాగు మీద చిన్న కరెంటు కేంద్రం కట్టాలనుకునే ఇంజనీరూ, దానికి డబ్బిచ్చే సంస్థా, ఆ వాగు ఒడ్డున బతికే రైతూ చివరికి తగువులాడుకునేది దీని గురించే. అక్కడ పుణ్యం అన్నచోట లాభం అనీ, పాపం అన్నచోట పర్యావరణ ప్రభావం అనీ రాసుకుంటారు.

టిబెటన్ సంప్రదాయంలో ఈ చక్రానికి ఓ పుట్టుక కథ ఉంది. దాన్ని మనుషుల లోకానికి తెచ్చినవాడు ఆచార్య నాగార్జునుడట. నీళ్ల అడుగున నాగలోకానికి వెళ్లి, నాగుల దగ్గరినుంచి తెచ్చాడట. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ పేరు వింటూ పెరిగిన తెలుగువాడికి ఈ కథ వింటే ఒళ్లు కాస్త పులకరించక మానదు. చరిత్రకారులు నాగార్జునుడి ఊరు గురించి, కాలం గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి. షెర్పాలు నీటిబుగ్గల దగ్గర కొలిచే 'లు' దేవతలు కూడా ఈ నాగులే. బుగ్గను మైల చేస్తే లు ఆగ్రహిస్తుందనీ, ఒంటి మీద పుండ్లు లేస్తాయనీ వాళ్ల నమ్మకం. పుట్టను తవ్వితే నాగదోషం తగిలి చర్మం చెడుతుందని మన పల్లెల్లో అనుకోవడం లేదూ! అదే మాట, వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల.

ఇక పుణ్యం లెక్క. బౌద్ధంలో కర్మ అంటే ప్రధానంగా చేతన, అంటే చేసేవాడి మనసులో కదిలిన సంకల్పం. వాగుకు సంకల్పం లేదు. పల్లానికి పోవడం ఒక్కటే తెలుసు. కాబట్టి పుణ్యం చక్రం కట్టినవాడికీ, కట్టడానికి ఇచ్చినవాడికీ, రెక్కలు విరిగితే బాగుచేసేవాడికీ చెందుతుందని చెప్పుకోవచ్చు. సంప్రదాయం అక్కడితో ఆగదు. ఆ చక్రాన్ని తాకి వెళ్లిన నీరు పావనమవుతుందనీ, అది కలిసే ఏరులో, సరస్సులో, సముద్రంలో ఉన్న ప్రాణులన్నిటికీ మేలు చేస్తుందనీ నమ్మకం. అంటే చక్రం పెట్టేవాడు ముందుగా ఆలోచించాల్సింది దిగువన ఉన్న చేపల గురించి. ఈనాటి ప్రాజెక్టు నివేదికల్లో దిగువ ప్రాంతం చివరి అధ్యాయంలో ఎక్కడో వస్తుంది.

మంత్రం తిప్పే చక్రానికీ పిండి విసిరే చక్రానికీ నిర్మాణంలో పెద్ద తేడా లేదు. నేపాల్‌లో ఘట్ట అనీ, ఉత్తరాఖండ్‌లో ఘరాట్ అనీ, లద్దాఖ్‌లో రన్‌తాక్ అనీ పిలిచే నీటి తిరగళ్లు వందల ఏళ్లుగా అవే పిల్లకాలువల మీద నడుస్తున్నాయి. కింద రెక్కలు, నడుమ ఇరుసు, పైన రాయి. 1980ల్లో కాట్మండూలో అక్కల్ మాన్ నకర్మీ అనే లోహపు పనివాడు ఈ తిరగళ్లను మెరుగుపరిచే పనిలో పడి, పెల్టన్ చక్రాన్నీ జనరేటర్నూ ఒక్కటిగా బిగించి 'పెల్ట్రిక్' సెట్టు తయారుచేశాడు. ఇంటి పెరట్లో వాగు ఉన్నవాళ్లు కూడా దీపం వెలిగించుకోగలిగారు.

లెక్క తేలికే. సెకనుకు 10 లీటర్ల నీరు, అంటే ఓ చిన్న బిందెడు, 10 మీటర్ల ఎత్తు నుంచి గొట్టంలో దిగితే అందులో దాదాపు ఒక కిలోవాట్ శక్తి ఉంటుంది. గొట్టంలో రాపిడి, చక్రంలో, జనరేటర్‌లో నష్టం పోగా సుమారు సగం చేతికొస్తుంది. 9 వాట్ల బల్బులు యాభై పైచిలుకు వెలుగుతాయి. నీరు ఒక్క చుక్క తగ్గదు. ఎక్కడ తీశారో దానికి కొంచెం దిగువన మళ్లీ వాగులో కలిపేస్తారు.

'తీసుకున్నది తిరిగిచ్చేస్తున్నాం' అనే ఈ వాదనే చిన్న జలవిద్యుత్తుకు ఉన్న నైతిక బలం. అందులో సగం నిజం.

డ్యాములు కొత్తగా వచ్చిన రోజుల్లో, కరెంటు పిండేసిన నీళ్లలో సారం ఏముంటుంది, వాటితో పైరు పండుతుందా అని రైతులు అడిగారని ఓ కథ దేశమంతా చెప్పుకుంటారు. చదువుకున్నవాళ్లు నవ్వడానికి చెప్పే కథ అది. నిజానికి ఆ ప్రశ్నలో తప్పు కొంచెమే. టర్బైన్ నీళ్లలోంచి సారం తీయదు, వాగులోంచి పల్లాన్ని తీస్తుంది. టర్బైన్ లేనప్పుడు ఆ పల్లం ఊరికే పోతోందా? రాళ్ల మీద పడి నురగ కడుతుంది, నీళ్లలో గాలి కలుపుతుంది, ఇసుకను కిందికి దొర్లిస్తుంది, హోరుమంటుంది. అసలా అని నేపాలీలు పిలిచే చల్లనీటి చేప ఆ నురగలోనే బతుకుతుంది. నీటిని తీసిన చోటికీ తిరిగి కలిపిన చోటికీ మధ్య, ఎండాకాలంలో, ఒట్టి రాళ్లు మిగిలితే ఆ అర కిలోమీటరు వాగుకు ఎవరు ఏం తిరిగిచ్చినట్టు? కర్ణాటక పశ్చిమ కనుమల్లో చిన్న ప్రాజెక్టుల కింద నీరు తగ్గిన వాగుల్లో చేపల జాతులు మారిపోయాయని పరిశోధకులు నమోదు చేశారు కూడా. ఆ రైతు 'సారం' అన్నది బహుశా దీన్నే.

నాగార్జునుడి మూలమధ్యమకకారికలో రెండో ప్రకరణం గమనం గురించి. పోయేది అంటే ఏమిటి, పోవడం ఎక్కడ ఉంది అని తవ్వుకుంటూ పోతాడు. ఆ పద్ధతిలో అడిగితే కరెంటు ఎక్కడుంది? నీళ్లలో లేదు. ఎత్తులో లేదు. చక్రంలోనూ, రాగితీగలోనూ లేదు. ఇవన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్నప్పుడు పుడుతుంది, ఒక్కటి తప్పుకున్నా ఉండదు. అలాంటప్పుడు 'తక్కువ ప్రభావం' అనే గుణం యంత్రానికి మాత్రం ఎలా అంటుకుంటుంది? ఆ మాటను టర్బైన్ మీద బిళ్లలా అతికించడం అమ్మేవాళ్ల పని.

ఆనుకోవడం అంటే ఏమిటో తెంగ్‌బోచేకు తెలిసొచ్చింది. ఆ మఠం 1916లో కట్టినది. 1934 భూకంపంలో కూలింది, మళ్లీ లేచింది. 1953లో హిల్లరీ, టెన్సింగ్‌ల బృందం దాని ముందునుంచే కొండకు వెళ్లింది. 1988లో అక్కడ ఓ చిన్న జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. కొండమీద కట్టెలు కరువు. యాత్రికులు పెరిగేకొద్దీ అడవి తరిగిపోతోంది. కరెంటు వస్తే చెట్లు మిగులుతాయని అందరి ఆశ. ఏడాది తిరక్కముందే, 1989 జనవరి 19న, కరెంటు వల్ల పుట్టిన మంట మఠాన్ని కాల్చేసింది. చెక్కడాలు, చిత్రాలు, గ్రంథాలు చాలావరకు బూడిదయ్యాయి.

తప్పెవరిది? వాగుదా, తీగదా, చలిదా, పాత చెక్కదా, అడవిని కాపాడాలన్న మంచి మనసుదా? అదే కారికలో అగ్ని, ఇంధనం గురించి ఓ ప్రకరణం మొత్తం ఉంది. కట్టె లేకుండా నిప్పు లేదు, నిప్పంటుకోకుండా దాన్ని ఇంధనం అనలేం అన్నది అక్కడి చర్చ. తెంగ్‌బోచే సన్యాసులు నిప్పును చూసి నీటిని నిందించలేదు. మఠాన్ని మళ్లీ కట్టారు, హిల్లరీ లాంటివాళ్లు విరాళాలు పోగుచేశారు, 1993లో మళ్లీ ప్రతిష్ఠ జరిగింది. ఆ మఠం ఉన్న ఖుంబూ ప్రాంతంలో కరెంటు ఆగలేదు సరికదా, పెరిగింది.

అది పెరిగిన తీరూ చూడదగ్గదే. అంతకుముందే నామ్చే దగ్గర ఆస్ట్రియా సాయంతో ఓ చిన్న జలవిద్యుత్ కేంద్రం దాదాపు పూర్తయింది. 1985 ఆగస్టు 4న పైన దిగ్ ఛో అనే హిమ సరస్సులోకి మంచుచరియ విరిగిపడి, కట్ట తెగి, ఆ వరద కేంద్రాన్నీ, దిగువన 14 వంతెనల్నీ, ఇళ్లనూ ఊడ్చుకుపోయింది. ఒక్క యూనిట్ కరెంటు రాకముందే పెట్టుబడంతా నదిపాలు. ఆస్ట్రియావాళ్లు దులుపుకుని పోలేదు. లోయలోనే మరోచోటు వెతికి, థామే దగ్గర 600 కిలోవాట్లకు కాస్త పైబడిన కేంద్రాన్ని 1990ల మధ్యలో నిలబెట్టారు. నడిపేది ఖుంబూ బిజులీ కంపెనీ, అందులో ఎక్కువ వాటా ఆ ఊళ్లవాళ్లదే.

ఇక్కడ దానం అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మహాయానం దానానికి పెట్టిన షరతు కఠినమైంది. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, ఇచ్చిన వస్తువు అనే మూడింటి మీదా పట్టు వదిలి ఇవ్వాలి. నేను ఇచ్చాను అనుకున్న మరుక్షణం దానం పలచబడుతుంది. అభివృద్ధి సంస్థల బోర్డులు చూస్తే ఈ షరతు ఎంత దూరమో తెలుస్తుంది. పవర్‌హౌస్ గది కంటే దాత పేరున్న ఫలకం పెద్దదిగా కనబడే చోట్లూ ఉంటాయి.

నేపాల్‌లో వేల సంఖ్యలో లేచిన మైక్రో, అంతకన్నా చిన్న కేంద్రాల్లో ఎక్కువ భాగం నడిచిన దారి వేరు. కొంత ప్రభుత్వ సబ్సిడీ, అందులో విదేశీ సాయం కలిసి ఉంటుంది. కొంత బ్యాంకు అప్పు. మిగతాది ఊరి చెమట. కాలువ తవ్వడం, ఇనుప గొట్టాలు భుజాల మీద మోసుకురావడం, స్తంభాలు పాతడం ఊళ్లోవాళ్ల పని. ఇంటికింత అని శ్రమదానం. బిల్లు కూడా చాలా చోట్ల మీటరు చూసి రాయరు, ఇన్ని బల్బులకు ఇంత అని కట్టిస్తారు. డబ్బున్నవాడు ఎక్కువ వెలుగు కొనుక్కోవడానికి అందులో పెద్దగా చోటుండదు.

ఈ వ్యవహారంలో వింతైన ఘట్టం కార్బన్ పద్దు. కిరోసిన్ దీపం, డీజిల్ మిల్లు ఆగిపోయిన ఊళ్లో తగ్గిన పొగను టన్నుల్లో లెక్కగట్టి, ప్రపంచ బ్యాంకు నడిపిన ఓ నిధికి నేపాల్ ప్రభుత్వ సంస్థ అమ్మింది. కొన్నవాళ్లు తమ దేశంలో వదిలిన పొగకు దాన్ని సరిపెట్టుకోవచ్చు. బౌద్ధంలో పుణ్య పరిణామన అని ఉంది: సంపాదించిన పుణ్యాన్ని ఇంకొకరికి ధారపోయడం. అందులో ధారపోసేవాడు ధర అడగడు, అందుకునేవాడు దాన్ని చూపించి మళ్లీ పాపం చేయడు. రెండూ ఒకటే అనడం అన్యాయం. అయినా ఆ డబ్బుతో నాలుగు కొండపల్లెలకు కాలువ వచ్చిందంటే వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? బౌద్ధ పండితులు దీని మీద తీర్పు చెబితే వినాలని ఉంటుంది.

మన దేశంలో 'చిన్న' అనే మాటకు సర్కారు గీసిన గీత 25 మెగావాట్లు. 100 కిలోవాట్ల లోపు మైక్రో, 2 మెగావాట్ల దాకా మినీ, ఆపైన 25 దాకా స్మాల్. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ఆ 25 లోపు జలవిద్యుత్తుకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. దాంతో కర్ణాటక కనుమల్లో సరిగ్గా 24.75 మెగావాట్ల ప్రాజెక్టులు మొలిచాయి. గీత పక్కన నిలబడి గీత దాటలేదనడం మనకు కొత్త విద్యా! ఒకే ఏటి మీద వరసగా నాలుగు 'చిన్నవి' కడితే ఏరు గొట్టంలోంచి గొట్టంలోకి నడుస్తుంది. ఏ ఒక్కటీ పెద్దది కాదు, నది మాత్రం కనబడదు.

అంతకన్నా తెలివైన గీత ఒకటి ఇదే దేశంలో ఉంది. 2012 డిసెంబరులో గోముఖ్ నుంచి ఉత్తరకాశీ దాకా భాగీరథి పొడవునా సుమారు 100 కిలోమీటర్ల మేర పర్యావరణ సున్నిత మండలం ప్రకటించారు. అక్కడ కొత్త జలవిద్యుత్ కేంద్రాలు నిషేధం. మినహాయింపు ఒక్కటే: స్థానికుల అవసరాలు తీర్చే మైక్రో, మినీ ప్రాజెక్టులు, అవీ గ్రామసభ ఒప్పుకుంటేనే. మెగావాట్లతో ఆగకుండా, ఎవరికోసం, ఎవరి ఒప్పుదలతో అని అడిగిన గీత అది. గెజిట్ భాషలో రాసిన చేతన.

ఆ మండలం వెనక ఓ మనిషి నిరాహారదీక్షలు ఉన్నాయి. జి.డి. అగర్వాల్ ఐఐటీ కాన్పూరులో ప్రొఫెసర్, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తొలి సభ్య కార్యదర్శి. డెబ్భై ఏళ్లు దాటాక సన్యాసం పుచ్చుకుని స్వామి జ్ఞానస్వరూప్ సానంద్ అయ్యారు. గంగ 'అవిరళ'గా, అంటే ఎక్కడా తెగకుండా పారాలన్నది ఆయన కోరిక. భాగీరథి మీద కడుతున్న 600 మెగావాట్ల లోహరినాగ్ పాలా ప్రాజెక్టును ప్రభుత్వం 2010లో ఆపేసింది. 2018లో ఆయన మళ్లీ కూర్చుని, 111 రోజుల దీక్ష తర్వాత అక్టోబరు 11న రుషీకేశ్‌లో కన్నుమూశారు. నీటి లెక్కలు చేతి వేళ్ల మీద తెలిసిన మనిషికి, నీరు తిరిగిచ్చేస్తున్నాం కదా అనే వాదన తెలియక కాదు. ప్రవాహం తెగడమే ఆయన దృష్టిలో దోషం, ఎంతసేపు తెగింది, ఎన్ని మీటర్లు తెగింది అన్నది తర్వాతి మాట.

పక్కనే అలకనంద మీద, ఉత్తరాఖండ్‌లోని శ్రీనగర్ దగ్గర 330 మెగావాట్ల ప్రాజెక్టు. కట్టింది హైదరాబాదు జీవీకే గ్రూపు సంస్థ. నీళ్లలో మునిగే చోట ధారీదేవి గుడి ఉంది. 2013 జూన్ 16 సాయంత్రం విగ్రహాన్ని కొత్తగా కట్టిన ఎత్తైన వేదిక మీదికి చేర్చారు. ఆ రాత్రీ మర్నాడూ కేదార్‌నాథ్ వరద. అమ్మవారు ఆగ్రహించిందని గఢ్వాల్‌లో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. విపరీతమైన వాన, పైన చోరాబారీ సరస్సు తెగడం కారణాలని శాస్త్రవేత్తలు తేల్చారు. సుప్రీంకోర్టు ఆ ఆగస్టులో తీర్పు చెబుతూ గుడి ఎత్తడం వల్ల భక్తుల హక్కుకు భంగం లేదంది, అదే తీర్పులో ఉత్తరాఖండ్‌లో కొత్త ప్రాజెక్టుల అనుమతులనూ నిలిపేసింది. ఆ తర్వాత వేసిన రవి చోప్రా కమిటీ తనకు అప్పగించిన 24 ప్రాజెక్టుల్లో 23 కట్టవద్దంది. వరదకు అమ్మవారు కారణమా అన్నదానికన్నా ఆ గుడి అడిగే ప్రశ్న మరొకటి ఉంది: పారే నది ఒడ్డున రాతి మీద కూర్చున్న దేవత, నిలవనీటి మీద సిమెంటు స్తంభాల మీద కూర్చుంటే, ఆమె ఇంకా నది ఒడ్డునే ఉన్నట్టా?

తెలుగునేల ఆ ప్రశ్నను ముందే ఎదుర్కొంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకుల విజయపురి, విహారాలు, స్తూపాలు ఉన్న లోయ నీట మునిగింది. తవ్వి తీసిన శిల్పాలు ద్వీపం మీది మ్యూజియానికి లాంచీలో వెళ్తే కనిపిస్తాయి. నాగుల దగ్గరినుంచి చక్రం తెచ్చాడని టిబెటన్లు చెప్పుకునే ఆచార్యుడి పేరున్న లోయ తిరిగి నాగుల వశమైంది. డ్యాములను కొత్తకాలపు గుళ్లుగా చూసిన నెహ్రూయే మూడేళ్లలో, 1958 నవంబరులో ఇంజనీర్ల సభలో, పెద్దవే కట్టాలన్న పిచ్చి ఓ రోగమని హెచ్చరించారు. అదే సాగర్ కాలువల మీద, కాకతీయ కాలువ మీద పెద్దపల్లి దగ్గర, నీరు మెట్టు దిగే చోట్ల మినీ హైడళ్లు పెట్టారు. అక్కడ ఏ దేవతా అడ్డు చెప్పలేదు. కాలువ ముందే మనిషి గీసిన నీరు, దానికి కొత్తగా తెగేదేమీ లేదు.

కొండల్లో అంత తేలిక్కాదు. చలికాలం ఖుంబూలో వాగులు సన్నబడతాయి, చిన్నవి గడ్డకడతాయి. ఛుఖోర్ తిరగడం నెమ్మదించి, గంట మోతకూ మోతకూ మధ్య ఎడం పెరిగి, ఒకనాడు ఆగిపోతుంది. దారినపోయేవాళ్లు ఓ చెయ్యి వేసి చుట్టు తిప్పి వెళ్తారు. టర్బైన్‌కూ నీరు చాలని నెలలవే, కరెంటు ఎక్కువ కావలసిన నెలలూ అవే. దిగువ కొండల్లో చైత్ర వైశాఖాలు వస్తే తగువు మరో రకం: మొక్కజొన్న మడికీ, తిరగలికీ, టర్బైన్‌కూ కాలువ ఒక్కటే. ఊరివాళ్లు కూర్చుని గంటలు పంచుకుంటారు. పగలు మడికి, సాయంత్రం దీపాలకు. రాత్రి అందరూ దీపాలార్పేశాక టర్బైన్ అదుపుతప్పి పరుగెత్తకుండా, మిగిలిన కరెంటును ఓ పెట్టె నీళ్ల తొట్టిలో ఉన్న హీటర్లకు మళ్లిస్తుంది. తెల్లారేదాకా ఎవరికీ అక్కర్లేని ఆ వేడిలో తొట్టి నీళ్లు పొగలు కక్కుతూ ఉంటాయి.